మునిగే కొయ్య, తేలే కొయ్య

కొయ్య నీళ్ళలో తేలుతుందనే కదా మీరనుకుంటారు! కాని ఎర్రచందనం చేవముక్క వేస్తే అడుగుకు పోతుంది. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి బెండులా తేలుతుంది. ఎందుకని?

చిత్రమేమంటే, ఏ కొయ్యలోనైనా కణాల గోడల సాంద్రత ఇంచుమించు ఒకటే: ఘన సెంటీమీటరుకు 1.5 గ్రాములు. అంటే నీటికన్న బరువే! పొణికి కణాలలో ఖాళీ ఎక్కువ. అందులో గాలి ఉంటుంది. ఎర్రచందనంలో ఖాళీ తక్కువ.

శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాలలో ఇళ్ళలోనే కొయ్య విగ్రహాలు చెక్కి బతికే కుటుంబాలున్నాయి. 2022 వరకు ఆ ఊరూ, మన బి.కొత్తకోటా ఒకే చిత్తూరు జిల్లాలో ఉండేవి. ఎర్రచందనం గట్టిది గనుక సన్నని నగిషీ కూడా నిలుస్తుంది. అయితే ఉలి తొందరపడకూడదు. పోగుకు ఎదురు నడిస్తే స్వామివారి ముక్కే లేచిపోతుంది; ఎన్నాళ్ళ శ్రమో వృథా. కొండపల్లి పనివారికి ఆ చిక్కు తక్కువ. విడిభాగాలు చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు.

ఎర్రచందనం అడవుల్లో సహజంగా పెరిగేది ముఖ్యంగా మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి. 1995 నుండి దాని అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ ఉంది. అనుమతి లేనిదే దుంగ తాకరాదు. ఇది అవసరమే. కాని కొయ్య దొరకని ఇంట్లో ఉలి ఏం చేస్తుంది? వేరే కొయ్య వెతకాలి, దాని పోగుకు చేతిని మళ్ళీ అలవాటు చేయాలి.

వడ్రంగి కొట్టంలో వేప, చింత, టేకు ముక్కలు ఒకే కొలతవి అడిగి తెచ్చుకోండి. బాగా ఎండబెట్టి, తూచి, నీళ్ళలో వేయండి. ఏది ఎంత లోతుకు మునిగిందో రాసుకోండి.