నీటికాసుల ఆపరేషన్‌కు ముందు మీ చుక్కల సీసాలన్నీ డాక్టరుకు చూపించండి



నీటికాసుల జబ్బునే గ్లకోమా అంటారు. ఇందులో ఎక్కువగా కంటిలోని నీటి ఒత్తిడి పెరిగి, చూపు నరము కొద్దికొద్దిగా దెబ్బతింటుంది. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్న చూపును చాలామందికి చుక్కల మందే కాపాడుతుంది. చుక్కలతో ఒత్తిడి అదుపు కాకపోతే ఆపరేషన్ చేస్తారు. అందుకోసం మన పాకాల వారు తిరుపతికో, కాట్పాడి మీదుగా వేలూరు సి.ఎం.సి. వారి షెల్ కంటి ఆసుపత్రికో వెళుతుంటారు. వెళ్ళే ముందు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది.

చుక్కలు కంటిపొరను ఏమి చేస్తాయి?

తెల్లగుడ్డు మీద పలుచని పొర ఉంటుంది. ఆపరేషన్‌లో డాక్టరు చిన్న దారి చేసి, కంటిలోని నీటిని ఈ పొర కిందికి మళ్ళిస్తారు. అక్కడ అది మెల్లగా ఇంకిపోతుంది. పొర ఆరోగ్యంగా ఉంటేనే ఆ దారి నిలుస్తుంది. తూము పూడితే చెరువు నీరు కదలదు కదా!

చాలా చుక్కల సీసాలలో మందు చెడిపోకుండా బెంజాల్కోనియం క్లోరైడ్ కలుపుతారు. రెండు మూడు రకాల చుక్కలు ఏళ్ళ తరబడి వేసుకుంటే అది, కొన్నిసార్లు మందు కూడా, ఈ పొరను రేపుతుంది. కన్ను ఎర్రబడి, ఇసుక పడినట్లు ఉంటుంది. పైకి ఏమీ కనబడకపోయినా లోపల మచ్చ కట్టే కణాలు పెరగవచ్చు. అప్పుడు ఆపరేషన్ చేసిన దారి త్వరగా మూసుకుపోయే ప్రమాదముంది.

చుక్కలు ఎక్కువ రకాలు, ఎక్కువ కాలం వాడినవారిలో ఈ ఆపరేషన్ విఫలం కావడం ఎక్కువని లండన్ డాక్టర్లు 1994లో ప్రకటించారు. ఆపరేషన్‌కు నెల ముందు నుండి కొన్ని చుక్కలు ఆపి, స్టెరాయిడ్ చుక్కలు వేస్తే పొర కొంత కోలుకుంటుందని 1996లో వారే చూపించారు. అందుచేత డాక్టరు మీ మందు మార్చినా, కొన్నాళ్ళు ఆగమన్నా, ఊరికే తిప్పుతున్నారని విసుగుకొని మానేయవద్దు.

మీరు చేయవలసినవి

1. మీ అంతట మీరు చుక్కలు ఆపవద్దు. ఒత్తిడి పెరిగితే చూపే పోతుంది. పొర ఎర్రబడటం కంటే అది పెద్ద నష్టం.

2. చాలామంది ఒక్క సీసా తెచ్చి, మిగతావి ఇంట్లో గూట్లో వదిలి వస్తుంటారు. ఇది మేము తరచుగా చూస్తున్నాము. సీసాలు, పాత చీటీలు అన్నీ తీసుకువెళ్ళి, ఏది ఎన్నేళ్ళు వాడారో చెప్పండి.

3. ఎరుపు, మంట, దురద ఉంటే దాచవద్దు. మందుల షాపులో అడిగి వేరే చుక్కలు కొనవద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే కంటి ఒత్తిడి పెరగవచ్చు. స్టెరాయిడ్ చుక్కలు డాక్టరు చెప్పినన్ని రోజులే వేయాలి. ఆకు పసరు, చనుబాలు అసలే వద్దు.

4. ఒకసారికి ఒక చుక్క చాలు. వేశాక కన్ను మూసి, ముక్కు పక్కనున్న కంటి మూలను రెండు నిమిషాలు నొక్కిపట్టండి. రెండో మందుకు ఐదు నిమిషాలు ఆగండి.

చుక్కలు వేసే పద్ధతి తెలియకపోతే ఓ.పి.లో మమ్మల్ని అడగండి, చేసి చూపిస్తాము. ప్రభువు మీ చూపును కాపాడును గాక.