పుస్తకం వెన్ను మీది నంబరు చదవడం వచ్చా?

ఏ జిల్లా కేంద్ర గ్రంథాలయానికైనా ఉదయం వెళ్లి చూడండి. తలుపులు తెరవగానే కుర్చీల కోసం పోటీ. గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు, కానిస్టేబుల్... అందరి ముందూ ఇంటి నుంచి తెచ్చుకున్న పుస్తకాలే, ఫోన్లో పీడీఎఫ్‌లే. పక్కనున్న ర్యాకుల వైపు వెళ్లేవాళ్లు తక్కువ. ‘అందులో ఎక్కడని వెతుకుతాం?’ అంటారు.

నేనూ అంతే. బీటెక్ మూడో ఏడాదిలో డేటాబేస్ పుస్తకం కోసం కాలేజీ లైబ్రరీలో ఎలక్ట్రానిక్స్ అరల చుట్టూ రెండు రోజులు తిరిగాను. లేదనుకుని, స్నేహితుడి దగ్గర అప్పు చేసి కొన్నాను. తీరా చూస్తే లైబ్రరీలో ఆరు కాపీలున్నాయి. హాలుకు అటు చివర, ఎన్‌సైక్లోపీడియాల పక్కన!

అవి అక్కడ ఉండటానికి కారణం ఉంది. మన కాలేజీల్లో ఎక్కువగా కనిపించే పద్ధతి అమెరికాకు చెందిన మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించినది. విజ్ఞానం మొత్తాన్నీ పది భాగాలు చేసి 000 నుంచి 999 వరకు అంకెలిచ్చాడు. 300 సామాజిక శాస్త్రాలు, 500 సైన్సు, 600 టెక్నాలజీ, 900 చరిత్ర, భూగోళం. ప్రతి భాగంలో మళ్లీ పది. 620 ఇంజినీరింగ్ అయితే, 621.3 ఎలక్ట్రికల్, 621.381 ఎలక్ట్రానిక్స్. తెలుగు సాహిత్యానికి 894.827. పాయింటు తర్వాత ఎన్ని అంకెలు పెరిగితే విషయం అంత సూక్ష్మమన్నమాట.

1876లో కంప్యూటర్ ఎక్కడుంది? అది వచ్చాక ఖాళీ చూసి సర్దాల్సి వచ్చింది. చివరికి 1985లో 004, 005, 006లను పూర్తిగా దానికే ఇచ్చారు. అంటే జనరల్ పుస్తకాలుండే వరసలో, 030లో ఉండే ఎన్‌సైక్లోపీడియాలకు దగ్గరగా. కంప్యూటర్ తయారీకి సంబంధించిన ఇంజినీరింగ్ మాత్రం 621.39లోనే ఉంది. సీఎస్‌ఈ వాళ్ల పుస్తకాలు రెండు చివర్లలో ఉండేది ఇందుకే. ఇలాంటి పాత వాసన ఇంకా ఉంది. మతాలకిచ్చిన 200ల్లో 220 నుంచి 289 దాకా క్రైస్తవానికే. హిందూమతం మొత్తం 294.5లో ఇరుక్కుంది. 19వ శతాబ్దపు అమెరికన్ కళ్లకు ప్రపంచం అలా కనిపించింది మరి.

ఇక అందరూ బోల్తాపడే చోటు. 005.74 డేటాబేస్‌లు, 005.133 ప్రోగ్రామింగ్ భాషలు. ఏది ముందుంటుంది? 74 కంటే 133 పెద్దది కదా అని తర్వాతి అరల్లో వెతుకుతాం. కానీ ఇవి దశాంశాలు, కాబట్టి 133 ముందు, 74 తర్వాత. కోడింగ్ చేసేవాళ్లకు ఇంకా తికమక. పైథాన్‌లో 3.9 తర్వాత 3.10 వస్తుంది, లైబ్రరీలో 3.10 ముందే అయిపోతుంది. నంబరు కింద చాలాచోట్ల రచయిత ఇంటిపేరులో మూడు అక్షరాలుంటాయి. 005.133 కింద ‘బి ఏ ఎల్’ కనిపిస్తే అది చాలావరకు మన బాలగురుసామి సీ పుస్తకమే.

డ్యూయీతో ఒక చిక్కుంది. ‘1950ల్లో ఆంధ్రలో వరి తెగుళ్లు’ అనే పుస్తకం ఉందనుకోండి. వరి 633.18, మొక్కల తెగుళ్లు 632. పుస్తకం ఒక్కటే, పెట్టగలిగే చోటూ ఒక్కటే. దీనికి వేరే దారి వేసింది మద్రాసులో లెక్కల మాస్టారు, ఎస్.ఆర్. రంగనాథన్. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తొలి లైబ్రేరియన్‌గా చేరారు. చేరిన కొద్దిరోజులకే విసుగెత్తి, పాత ఉద్యోగానికి వెళ్లిపోతానన్నారు. ముందు లండన్ వెళ్లి శిక్షణ తీసుకుని రమ్మన్నారు. అక్కడ సెల్ఫ్‌రిడ్జెస్ దుకాణంలో మెకానో బొమ్మల సెట్ చూశారు. అవే ముక్కలు, రకరకాలుగా బిగిస్తే రకరకాల బొమ్మలు! విషయానికి ముందే చేసిపెట్టిన గది ఎందుకు, ముక్కల్ని కలిపి నంబరు కట్టుకోవచ్చు కదా అన్న ఆలోచన అక్కడ పుట్టింది. ముక్కల మధ్య కోలన్ గుర్తు పెట్టారు కాబట్టి కోలన్ పద్ధతి. 1933లో పుస్తకంగా వచ్చింది. పైన చెప్పిన పుస్తకమైతే: వరి, తెగులు, ఆంధ్ర, 1950లు. ఈ ముక్కల్నే ఆయన ఫేసెట్లు అన్నారు.

ఇది ఎక్కడో చూసినట్టుందా? జాబ్ పోర్టల్ తెరిచి జావా, హైదరాబాద్, ఫ్రెషర్, గత వారం అని ఫిల్టర్లు పెడతారే, అదే. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇప్పటికీ దాన్ని ఫేసెటెడ్ సెర్చ్ అంటారు. కోలన్ నంబర్లు చదవడం మాత్రం కష్టం, అందుకే అర మీద డ్యూయీయే నిలిచాడు. ఆలోచన మాత్రం రంగనాథన్‌ది నిలిచింది.

ఈ పని మీద మనసు పోతే డిగ్రీ తర్వాత బీఎల్‌ఐఎస్సీ ఉంది. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో దూరవిద్యలోనూ చేయొచ్చు. యూజీసీ నెట్‌లోనూ ఇదొక సబ్జెక్టు.

లైబ్రరీకి వెళ్తే మాత్రం టైటిల్ పట్టుకుని అరల చుట్టూ తిరగకండి. కేటలాగ్ కంప్యూటర్‌లో (చాలా కాలేజీల్లో కోహా సాఫ్ట్‌వేర్ ఉంటుంది) మీ విషయం మీద ఏదో ఒక్క పుస్తకం వెతికి, నంబరు రాసుకోండి. ఆ అర దగ్గర నిలబడి కుడీ ఎడమా చూడండి. మీరు పేరు కూడా వినని పుస్తకాలు అదే విషయం మీద వరసగా ఉంటాయి. రెజ్యూమె, ఇంటర్వ్యూల పుస్తకాలకైతే 650.14. మా కాలేజీలో ఆ అర ముందు నుంచే నాలుగేళ్లూ జిరాక్స్ సెంటర్‌కి వెళ్లాను. అవి ఎంబీఏ వాళ్లవనుకున్నా.