తెల్లమచ్చ తగ్గినా మంట ఎందుకు మిగిలింది?

మాది ఆదోని. పత్తి వ్యాపారం చేసుకునే కుటుంబం. నా వయస్సు యాభై ఎనిమిది. సిగ్గుతో దాచుకుని నేను పడిన బాధ మరొక సోదరి పడకూడదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

బహిష్టులు ఆగిపోయిన కొన్నేళ్లకు యోని వెలుపలి చర్మంపై తీవ్రమైన దురద ఆరంభమైంది. రాత్రులు నిద్ర కరువైంది. చర్మం తెల్లబడి, పలుచబడి చిట్లేది. బొల్లి అనుకుని రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు. చివరకు కర్నూలులో ఒక చర్మవ్యాధి నిపుణురాలు పరీక్షించి, ఇది ‘లైకెన్ స్క్లెరోసస్’ అన్నారు. ఇది అంటువ్యాధి కాదు, సుఖవ్యాధి అంతకన్నా కాదు. 0.05 శాతం క్లోబెటసాల్ లేపనం మొదటి నెల ప్రతిరాత్రి, రెండవ నెల రాత్రి విడిచి రాత్రి, మూడవ నెల వారానికి రెండుసార్లు పలుచగా వ్రాయించారు. దురద శమించింది.

అయితే మంట, ఒరిపిడి మిగిలాయి. మందు వికటించిందని భయపడి మానివేశాను. ఎమ్మిగనూరులోని మా వదినగారు ఆప్యాయంగా చెప్పిన పసుపు, వేపాకు ముద్ద పట్టించాను. ఆ రాత్రి నిప్పులు పోసినట్లయింది.

మళ్లీ వెళితే డాక్టరమ్మ కోపగించలేదు. “మందు పనిచేసిందమ్మా. మిగిలిన మంటకు కారణం వేరు” అన్నారు. సబ్బు, మూత్రపు తడి, ఫంగస్, వయస్సుతో వచ్చే పొడిదనం, చర్మం అతుక్కుపోవడం, పుండు మానినా నరాలలో నిలిచిపోయే నొప్పి – వీటిలో ఏదైనా కావచ్చునట. ఒక్కొక్కదానికి చికిత్స వేరు. నా విషయంలో సబ్బు, పొడిదనం కారణాలని తేలింది.

ఇప్పుడు నేను పాటిస్తున్నవి:

• సబ్బు, డెట్టాల్, సున్నిపిండి ఆ భాగానికి తాకనివ్వను. గోరువెచ్చని నీరు చాలు.

• మూత్రవిసర్జన తరువాత కడిగి, మెత్తని నూలుబట్టతో అద్ది, స్వచ్ఛమైన కొబ్బరినూనె రాస్తాను. ఆయుర్వేదంలోని శతధౌత ఘృతం, అంటే నూరుసార్లు నీటితో కడిగిన నెయ్యి కూడా చర్మాన్ని మెత్తబరుస్తుంది. ఇవి లేపనానికి తోడే గాని, బదులు కావు.

• వదులైన నూలు లోదుస్తులే ధరిస్తాను.

• లేపనం వారానికి రెండుసార్లు కొనసాగిస్తున్నాను.

పసుపు, వేప, నిమ్మరసం, పటిక, కర్పూరం అక్కడ ఎన్నడూ రాయకండి. మానని పుండు, గట్టి కణితి, రక్తం కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. నూటికి ఐదుగురికన్నా తక్కువ మందికే అయినా, ఈ వ్యాధి క్యాన్సరుగా మారవచ్చు. అందుకే ఏడాదికొకసారి పరీక్ష తప్పనిసరి.

నాకు మంట పూర్తిగా పోలేదు. కాని నిద్ర తిరిగి వచ్చింది. ఆనాడు నాకు మందు చెప్పిన మా వదినగారే ఈనాడు, “నాకూ అక్కడ దురదగా ఉంది, ఆ డాక్టరమ్మ దగ్గరకు తీసుకువెళ్తావా?” అని అడిగారు. వచ్చే సోమవారం ఇద్దరం కలిసి బయలుదేరుతున్నాం.