దుర్యోధనుడి జవాబు ఏమైంది?

హోసూరు నుంచి బాగలూరు వెళ్లే దారిలో ఒక పల్లె బడి. వార్షికోత్సవం ఇంకా పది రోజులుందనగా మేము అక్కడికి వెళ్లాం. ఎనిమిదో తరగతి అబ్బాయి నెమలి పింఛం పెట్టుకొని కృష్ణ రాయబారం పద్యాలు పాడుతున్నాడు. టీచరమ్మ సెల్‌ఫోన్‌లో సినిమా పద్యాలు పెట్టి, ఒక్కో పాదం వినిపించి నేర్పించారట. పిల్లవాడి గొంతు బాగుంది, మాట స్పష్టంగా ఉంది. ఎదురుగా అట్ట కిరీటం పెట్టుకున్న దుర్యోధనుడు కుర్చీలో కూర్చొని మీసం మెలేస్తున్నాడు. ఆ అబ్బాయికి ఒక్క మాట కూడా లేదు.

మనవరాలిని ఇంటికి తీసుకుపోదామని వచ్చిన ఒక తాత గోడకు ఆనుకొని అంతా విన్నాడు. చివర్న, “బాగా పాడినావు నాయనా. కిష్ణుడు ఇన్ని మాటలంటే ఆ దుర్యోధనుడు గమ్మున కూర్చున్నాడా? వాని పద్యం యాడబోయె?” అని అడిగాడు.

టీచరమ్మ నవ్వి, “ఫోన్‌లో దొరికిన ముక్క ఇంతే తాతా” అన్నారు.

తాత ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. నాటకం సినిమాగా మారినప్పుడు కొన్ని పాటలు, పద్యాలు జారిపోతాయి. జారిపోయినవి ఏవి, ఎందుకు జారిపోయాయి, వాటితో పాటు ఏం పోయింది అన్నది మన బడుల్లో తెలుగు నేర్పేవాళ్లకూ, పిల్లల్ని ఆ బడులకు పంపేవాళ్లకూ అవసరమైన సంగతే అనిపించింది.

తెల్లవార్లూ నాటకం, మూడు గంటల సినిమా

తెలుగు పద్యనాటకానికి దారి వేసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) బళ్లారివారు. 1880ల్లో ఆయన అక్కడ నాటక సమాజం నడిపి, తెలుగు నాటకంలో పద్యాలనూ పాటలనూ పాత్రల చేత పాడించారు. ఆయనను ఆంధ్ర నాటక పితామహుడంటారు. ఇవాళ బళ్లారి కర్ణాటకలో ఉంది, హోసూరు తమిళనాడులో ఉంది. ఆంధ్ర నాటకానికి పితామహుడు ఇప్పటి ఆంధ్ర సరిహద్దుకు ఇవతల నుంచే వచ్చాడన్న సంగతి మన పిల్లలకు చెప్పదగ్గది.

తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1932లో విడుదలైంది. హెచ్.ఎం.రెడ్డి దర్శకుడు. సురభి వారు ఆడుతున్న నాటకమే దానికి ఆధారం, నటుల్లోనూ సురభివాళ్లున్నారు. అప్పట్లో సినిమా అంటే కెమెరా ముందు ఆడిన నాటకమే. పాటలు తగ్గించాలన్న పట్టింపు కూడా పెద్దగా లేదు. అదే ఏడాది హిందీలో వచ్చిన ఇంద్రసభలో డెబ్బై దాకా పాటలున్నాయి. అదీ పాత ఉర్దూ రంగస్థల నాటకం నుంచి వచ్చిందే.

కోత తర్వాత మొదలైంది. దానికి కారణాలు వెతకనక్కర్లేదు. నాటకం రాత్రి భోజనాలయ్యాక మొదలై తెల్లవారుజాము దాకా సాగేది. ఒకే నాటకంలో పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు వచ్చేవారు. జనం చప్పట్లు కొట్టి “వన్స్ మోర్” అంటే చచ్చిపోయిన పాత్ర కూడా లేచి మళ్లీ పద్యం అందుకునేదని పెద్దలు నవ్వుతూ చెబుతారు. సినిమాకు రెండున్నర, మూడు గంటలే. అందులోనే యుద్ధం చూపించాలి, కోట చూపించాలి, నాట్యం పెట్టాలి.

సినిమాకు ముందే గ్రామఫోను ఒక కోత కోసింది. ఆనాటి 78 వేగం రికార్డులో ఒక పక్కకు మూడు నిమిషాల పైచిలుకే పట్టేది. పద్యం నాలుగు పాదాలూ మామూలుగా చదివితే అర నిమిషం. రంగస్థలం మీద రాగం తీసి పాడితే అయిదు నిమిషాలైనా చాలదు. రికార్డులో పద్యం మిగిలింది, రాగం చిక్కింది. సినిమా వచ్చాక అది ఇంకా చిక్కింది.

గొంతులు కూడా మారాయి. నాటకంలో వేషం వేసినవాడే పాడాలి. 1960లో వచ్చిన శ్రీకృష్ణ రాయబారం సినిమాలో కృష్ణుడు ఈలపాట రఘురామయ్య. ఆయన రంగస్థలం నుంచి వచ్చిన గాయకుడు, తన పద్యాలు తానే పాడుకున్నాడు. 1967లో శ్రీకృష్ణావతారం వచ్చేసరికి కృష్ణుడు ఎన్.టి.రామారావు, గొంతు ఘంటసాలది. ఆ సినిమా కృష్ణుడి జీవితమంతా చెబుతుంది. తిరుపతి వేంకట కవులు ఒక పూర్తి నాటకంగా రాసిన పాండవోద్యోగం అందులో ఒక ఘట్టంగా కుదించుకుపోవాల్సి వచ్చింది. మిగిలినవి కొన్ని పద్యాలు. మనకందరికీ కంఠతా వచ్చినవి అవే.

సినిమాను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. నాటక సమాజం ఎన్నడూ గడప తొక్కని ఊళ్లకు కూడా ఘంటసాల గొంతులో ఆ పద్యాలు చేరాయి. ఇవాళ మన పిల్లవాడి నోట ఆ నాలుగు పాదాలు పలుకుతున్నాయంటే అది సినిమా పుణ్యమే. అయితే రాయబారం అంటే ఇద్దరు మాట్లాడుకునే సీను. ఒకడు సంధి అడుగుతాడు, ఇంకొకడు కాదంటాడు. ఎందుకు కాదంటున్నాడో వినకపోతే, అడిగినవాడి ఓర్పు ఎంతటిదో పిల్లలకు తెలియదు. తాత అడిగింది అదే.

రంగస్థలం చేర్చింది కూడా ఉంది

పుస్తకంలో ఉన్నదంతా పాడి ఊరుకోలేదు నాటకంవాళ్లు. లేనిదీ చేర్చుకున్నారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం (1881–1953) రాసిన హరిశ్చంద్ర నాటకం సంగతి చూడండి. కాటి సీనులో నటులు పాడే పద్యాల్లో కొన్ని గుర్రం జాషువావి. ఆయన శ్మశానం మీద విడిగా రాసిన ఖండిక నుంచి నటులు వాటిని తెచ్చుకున్నారు. జనం ఒప్పుకున్నారు. కాలం గడిచేకొద్దీ అవి నాటకంలోవే అనుకునేంతగా కలిసిపోయాయి.

ముత్తరాజు సుబ్బారావు రాసిన శ్రీకృష్ణ తులాభారం మరో ఉదాహరణ. అందులో సత్యభామ వేషానికి స్థానం నరసింహారావు పేరు పడ్డారు. తన ఆనతి జవదాటడం కృష్ణుడి తరం కాదని సత్యభామ అతిశయంగా పాడే పాట ఆయన చేర్చినదే. నారదుడు కృష్ణుణ్ణి బజారులో బేరానికి పెట్టే పాట చందాల కేశవదాసుది. భక్త ప్రహ్లాదకు పాటలు రాసింది కూడా ఈయనే. 1966లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో తులాభారం సినిమాగా వచ్చినప్పుడు ఈ రెండు పాటలూ నిలిచాయి. సత్యభామ పాట సుశీల పాడారు. మగవాడు ఆడవేషంలో పాడిన పాట ఆడగొంతుకు చేరి ఇంటింటికీ వెళ్లింది.

అంటే సినిమా అన్నిటినీ కోసేయలేదు. జనం అప్పటికే నాలుక మీద పెట్టుకున్నవాటిని చాలావరకు ముట్టుకోలేదు. పోయినవి ఎక్కువగా కథను నెమ్మదిగా నడిపే పద్యాలు, చిన్న పాత్రల పాటలు, ఎదుటివాడి జవాబులు. తెర లేవకముందు సమాజమంతా కలిసి పాడే ప్రార్థన కూడా పోయింది. సినిమాలో ఆ చోటు పేర్లు తీసుకున్నాయి.

పాటతో పాటు వాదన కూడా

ఇది మనకొక్కరికే జరిగిన సంగతి కాదు. ఇంగ్లిష్ మీడియం బడుల్లో స్వరాలు నేర్పడానికి వాడుకునే పాట ఒకటుంది, సౌండ్ ఆఫ్ మ్యూజిక్ సినిమాలోది. ఆ సినిమా 1965లో వచ్చింది. అంతకుముందు 1959లో అది న్యూయార్క్‌లో రంగస్థల సంగీత నాటకం. సినిమాగా తీసినప్పుడు మూడు పాటలు తీసేసి, రెండు కొత్త పాటలు చేర్చారు. పాటల రచయిత హామర్‌స్టైన్ 1960లోనే చనిపోయాడు. అందుకని కొత్తవాటికి సంగీత దర్శకుడు రోజర్స్ తానే మాటలు కూడా రాసుకున్నాడు.

తీసేసిన మూడింటిలో ఒకదాని పేరు ‘నో వే టు స్టాప్ ఇట్’. నాజీలు ఆస్ట్రియాను మింగబోతున్నారు. గాలి ఎటు వీస్తే అటు వంగితే పోలేదా అని కెప్టెన్‌కు అతని స్నేహితుడూ, పెళ్లాడబోయే ఆవిడా నచ్చజెప్పే పాట అది. కెప్టెన్ వంగనంటాడు. నాటకంలో ఆ పెళ్లి చెడిపోవడానికి కారణం ఈ పట్టింపే. సినిమాలో పాట లేదు. అక్కడ కెప్టెన్ మనసు మరియా మీద ఉందని తెలిసి ఆవిడ తప్పుకుంటుంది. ఒక పాట పోయేసరికి దేశం గురించిన తగువు కాస్తా ప్రేమ కథలో కలిసిపోయింది.

కాకపోతే అక్కడ ఒక మంచి అలవాటుంది. ఆ నాటకాన్ని బడుల్లో, ఊళ్లలో ఇంకా ఆడుతూనే ఉన్నారు. పుస్తకం చూసి ఆడతారు కాబట్టి సినిమాలో పోయిన పాట అక్కడ బతికే ఉంది. సినిమా కోసం రాసిన పాటలను కూడా తర్వాతి ప్రదర్శనల్లో కలుపుకున్నారు.

మన దగ్గర పుస్తకం ఉంది, చదివేవాళ్లు?

కృష్ణగిరి జిల్లా పల్లెల్లో భారత కథ ఇప్పటికీ ఉత్సవంగా సాగుతుంది. ద్రౌపదమ్మ గుడి దగ్గర పగలు కథ, రాత్రి కూత్తు. అందులో దుర్యోధనుడికి నోరుంటుంది, చివరి రోజు మట్టితో చేసిన పెద్ద ఒడలూ ఉంటుంది. సరిహద్దు దాటి కుప్పం, చిత్తూరు వైపు వెళ్తే అదే ఉత్సవం తెలుగులో. ఇది వీధి ఆట, హార్మోనియం పద్యనాటకం దారి వేరు. కానీ రెండు చోట్లా ఎదుటివాడి మాట వినడం ఉంది. మన పిల్లలకు ఆ రుచి కొత్తేమీ కాదు.

కొత్తగా వచ్చిన కష్టం లిపి. తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం 2006–07లో ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. 2015–16కి అది పదో తరగతి చేరింది. ఉన్న రాష్ట్రపు భాష నేర్వాల్సిందే, అందులో మాటే లేదు. అయితే తెలుగుకు మిగిలిన గంటలు తగ్గినచోట, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలే తెలుగు పద్యాన్ని తమిళ అక్షరాల్లో రాసుకొని బట్టీ పెట్టడం మేము చూశాం. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. త, థ, ద, ధలకూ ఒకటే. కథ, గద, గత మూడూ అక్కడ ఒకేలా కనిపిస్తాయి. భీముడి గద ఎప్పుడు కథగా మారిపోతుందో తెలియదు. ఫోన్‌లో వినపడినవి నాలుగు పద్యాలు. వాటినైనా సరిగా రాసుకునే అక్షరం చేతిలో లేకపోతే అవీ అరిగిపోతాయి.

అందుకే ఈసారి వార్షికోత్సవానికి ఒక చిన్న మార్పు చేసి చూడమని టీచర్లను కోరుతున్నాం. సినిమా పద్యాలు మానొద్దు. పిల్లలకు చెవిలో పడ్డవి అవే కాబట్టి అక్కడే మొదలుపెట్టండి. తర్వాత నాటకం పుస్తకం తెరిచి, అదే సీనులో సినిమాలో వినని పద్యం ఒక్కటంటే ఒక్కటి పిల్లల చేతే వెతికించండి. తెలుగు అక్షరాల్లో వాళ్ల నోటుబుక్కులో రాయించండి. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో గురులఘువులు ఎలాగూ చెబుతారు, ఆ పద్యం మీదే గుర్తులు పెట్టించండి. రాగం రాకపోతే దిగులు పడకండి, స్పష్టంగా చదివినా సభ వింటుంది.

పుస్తకం వాడుకోవడానికి అడ్డేమీ లేదు. మన దేశంలో రచయిత చనిపోయిన 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతి శాస్త్రి 1920లో, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి 1950లో వెళ్లిపోయారు. కాబట్టి పాండవోద్యోగంలోని సీను జిరాక్సు తీసి తరగతిలో పంచుకోవచ్చు, వేదిక మీద ఆడవచ్చు. బలిజేపల్లి వారి హరిశ్చంద్ర సంగతీ అంతే.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇంట్లో తాతనో అవ్వనో కూర్చోబెట్టి, చిన్నప్పుడు చూసిన నాటకంలో ఏ పద్యం గుర్తుందో అడగండి. సగమే గుర్తుండొచ్చు. ఆ సగం పిల్లలు రాసుకొని బడికి తెస్తే మిగతా సగం పుస్తకంలో దొరకవచ్చు. పుస్తకంలో లేకపోతే ఇంకా మంచిది, అది ఏ నటుడో చేర్చిన పద్యం అయ్యుండొచ్చు.

వార్షికోత్సవం రోజు మళ్లీ ఆ బడికి వెళ్లాం. దుర్యోధనుడు ఈసారి కుర్చీలోంచి లేచాడు. టీచరమ్మ ఎక్కడో పుస్తకం సంపాదించి అతనికి ఒక పద్యం ఇచ్చారు. రాగం లేదు, రెండో పాదంలో కొంచెం తడబడ్డాడు, చేతిలోని కాగితం వైపు ఒకసారి చూసుకున్నాడు. కాగితం మీద ఉన్నవి తెలుగు అక్షరాలే. వెనక వరసలో నిలబడ్డ తాత “ఆ... ఇప్పుడు చెప్పు కిష్ణా” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పింఛం సర్దుకొని కృష్ణుడు తర్వాతి పద్యం అందుకున్నాడు.