పేరు దొరకనప్పుడు: డి.ఎన్.ఎస్. లోపాన్ని గుర్తించడం

బ్రౌజరులో సైటు తెరుచుకోకపోతే చాలామంది వెంటనే "నెట్ పోయింది" అంటారు. అసైన్‌మెంట్ అప్‌లోడుకు అదే చివరి రోజైతే రౌటరును ఆపి, మళ్లీ ఆన్ చేస్తూ కూర్చుంటారు. అయితే నెట్‌వర్క్ బాగానే ఉండి, సైటు పేరును ఐ.పి. చిరునామాగా మార్చే డి.ఎన్.ఎస్. సేవ మాత్రమే పనిచేయకపోవచ్చు. ముందు ఈ రెండింటినీ విడదీసి చూడాలి.

కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ ఆదేశాన్ని 8.8.8.8 అనే చిరునామాతో ఇవ్వండి. ఇది గూగుల్ నడిపే బహిరంగ డి.ఎన్.ఎస్. సర్వరు. దాని నుండి జవాబు వచ్చి, సైటు పేరుతో పింగ్ చేసినప్పుడు మాత్రం హోస్ట్ దొరకలేదని వస్తే లోపం పేరు దగ్గరే ఉంది. అంకెలకూ జవాబు రాకపోతే కేబులు, వైఫై, గేట్‌వే పరిశీలించండి. కొన్ని కార్యాలయాల ఫైర్‌వాల్ పింగ్‌నే అడ్డుకుంటుందని మరవకండి.

తరువాతి సాధనం ఎన్ఎస్‌లుకప్. సైటు పేరును మొదట మీ కంప్యూటరుకు కేటాయించిన సర్వరును, ఆపై 8.8.8.8ను అడగండి. రెండోది మాత్రమే చిరునామా చెబితే సాధారణంగా మీ సర్వరులోనే లోపం. "అలాంటి డొమైన్ లేదు" అని రెండూ చెబితే ముందు అక్షరదోషం చూసుకోండి. సమయం మించిపోయిందని వస్తే సర్వరు అసలు పలకలేదన్నమాట. 53వ పోర్టును ఫైర్‌వాల్ ఆపిందేమో చూడాలి.

ఎక్కువగా తికమక పెట్టే సందర్భం మరొకటి ఉంది. ఎన్ఎస్‌లుకప్ సరైన చిరునామానే చూపుతుంది, బ్రౌజరు మాత్రం పాత చిరునామాకే వెళుతుంది. ఎన్ఎస్‌లుకప్ నేరుగా సర్వరునే అడుగుతుంది. హోస్ట్స్ ఫైలును గానీ, కంప్యూటరు దాచుకున్న పాత జవాబులను గానీ చూడదు. పింగ్ వాటిని చూస్తుంది. 1983లో డి.ఎన్.ఎస్. రూపొందక ముందు పేర్లన్నీ అలాంటి ఫైలులోనే ఉండేవి. ఆ ఫైలు నేటికీ మన కంప్యూటర్లలో ఉంది. అందులో ఎవరో ఎప్పుడో రాసి వదిలేసిన వరుస ఉంటే తొలగించండి. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ ఆదేశానికి ఫ్లష్‌డీఎన్ఎస్ జోడించి పాత జవాబులను తుడిచివేసి, బ్రౌజరును మూసి మళ్లీ తెరవండి.