కొరియా భాషకు మన ఇంటి దారి

నేను కొరియా భాష నేర్చుకుంటున్నానని తెలిసినప్పటి నుండి అందరూ ఒకటే మాట అడుగుచున్నారు. "ఇంగ్లీషే సరిగ వస్తలేదు, కొరియా ఎట్లొస్తదిరా?" అని. దానికి జవాబే ఈ వ్యాసం. తెలుగు వచ్చినవాడికి ఇంగ్లీషు కంటె కొరియా భాషే దగ్గర అని నా అభిప్రాయం. ఎట్లనో చెప్తాను.

ఇంగ్లీషులో "నేను తింటాను అన్నం" అన్నట్టు వాక్యం తిప్పి చెప్పాలి. కొరియాలో ఆ బాధ లేదు. నానున్ (నేను) బాబుల్ (అన్నాన్ని) మొగొయొ (తింటాను). క్రియ మనలాగే చివరికే వస్తుంది. బాప్ అంటే అన్నం, దానికి తగిలించిన "ఉల్" మన ద్వితీయా విభక్తి. "చిబె కాయొ" అంటే ఇంటికి పోతున్న అని అర్థం. చిప్ అంటే ఇల్లు, "ఎ" అంటే మన "కి". అంటే విభక్తులు కూడ మనలాగే పదం వెనకాలే తగులుతాయి.

హాలియా చుట్టుపక్కల సాగర్ ఎడమకాలువ నీళ్లతో వరి పండిస్తాం గనుక ఇంకొక సంగతి మనకు బాగా అర్థమవుతుంది. ఇంగ్లీషులో వరికి, బియ్యానికి, అన్నానికి అన్నింటికీ రైస్ అంటే సరిపోతుంది. కొరియా వాళ్లు అట్లా ఊరుకోరు. నారు "మొ", వరి "ప్యొ", బియ్యం "స్సాల్", వండినాక "బాప్". నాటు వేసినవాళ్లకే ఇన్ని మాటలు కావాలి.

వాళ్లు కలిసినప్పుడు పలకరించేది కూడ అన్నంతోనే. స్నేహితుణ్ణి "బామ్ మొగొస్సొ?" అంటారు, అంటే తిన్నవా? కొంచెం మర్యాదకు చివర "యొ" చేర్చి "బామ్ మొగొస్సొయొ?" అంటారు, అంటే తిన్నరా? ఇంట్లో తాతను అడిగితే బాప్ అన్న మాటే మారి "జింజి" అవుతుంది. మనం వార్డెన్ సారును "తిన్నవా" అనం, "భోంచేసిన్రా సార్" అంటాం కద, అట్లాగన్నమాట.

బాప్ ఇక్కడ బామ్ ఎందుకయింది? పదో తరగతి వాళ్లు చెప్పాలి! వాక్ + మయము = వాఙ్మయము, జగత్ + నాథుడు = జగన్నాథుడు. అనునాసిక సంధే. క, త, ప ల తరువాత న గాని మ గాని వస్తే అవి అనునాసికాలు అవుతాయి. కొరియాలోనూ అదే సూత్రం. సంధులు ఎందుకు పనికొస్తాయని తెలుగు సారును అడిగేవాళ్లకు ఇది చూపించండి.

ఇంట్లో అన్నకు మనకు ఒకటే మాట. అక్కడ అబ్బాయి అన్నను "హ్యొంగ్" అనాలి, అమ్మాయి "ఒప్పా" అనాలి. అక్కను అబ్బాయి "నూనా" అంటాడు, అమ్మాయి "ఒన్ని" అంటుంది. ఒక్కడే కొడుకైనా "మా అమ్మ" అన్నట్టే వాళ్లు "ఉరి ఒమ్మా" అంటారు. ఉరి అంటే మేము, మా. ఈ పోలికలు చూసి హోమర్ హల్బర్ట్ అనే అమెరికా ఆయన 1905లో కొరియాను ద్రావిడ భాషలతో పోల్చి పుస్తకమే రాశాడు. చుట్టరికం ఉన్నదంటే ఇప్పటి పండితులు ఒప్పుకోరు. చుట్టాలు కాకపోయినా ఇరుగుపొరుగు లాగ ఉన్నారని నాకనిపిస్తుంది.

ఇక కష్టం చెప్పాలి. బుల్ అంటే నిప్పు, ప్పుల్ అంటే కొమ్ము, ఫుల్ అంటే గడ్డి. మొదటిది బ కీ ప కీ నడుమ పలకాలి, రెండోది గట్టిగ బిగించి, మూడోది గాలి వదిలి. మా తండా మాటలో ఘర్ (ఇల్లు) లాంటి పదాల్లో ఒత్తి పలకడం అలవాటే గనుక మూడోది నాకు తొందరగా వచ్చింది. బుల్ ఇంకా రాలేదు.

అన్నిటికంటె నాకు నచ్చింది వాళ్ల లిపి. పూర్వం కొరియాలో చీనా అక్షరాలతో రాసేవారు. అవి వేలకొద్దీ ఉంటాయి. చదువుకునే తీరిక ఉన్న పెద్దలకే వచ్చేవి. సెజోంగ్ అనే రాజు బీదాబిక్కీ కూడ రాసుకోవాలని 1443లో 28 అక్షరాలు తయారుచేయించి 1446లో ప్రకటించాడు. ఆస్థాన పండితులు కొందరు వద్దన్నారు. (వాళ్ల గొప్ప ఏం కావాలి మరి!) ఇప్పుడు మూల అక్షరాలు 24. దాని పేరు హంగుల్. "క" ఆకారం కొడవలి లాగ ఉంటుంది, అది ఆ శబ్దం పలికేటప్పుడు నాలుక వంగే తీరు. "మ" నోరు లాగ నలుచదరపు డబ్బా. క కు ఒక గీత చేరిస్తే ఖ, మనం ప కింద గీత పెట్టి ఫ చేసినట్టే. కొడవలి ఎదురుగ పెట్టుకొని కూడ "క" తెలియనివాడని చదువురానివాణ్ణి అక్కడ సామెతగా అంటారు.

జపాను పాలనలో ఆ భాషను బడుల నుండి తీసేశారు. నిఘంటువు రాస్తున్నవాళ్లను 1942లో పట్టుకొని జైల్లో వేశారు. పోయిందనుకున్న రాతప్రతి 1945లో సియోల్ రైల్వే స్టేషను గోదాములో దొరికింది.

నేర్చుకుంటే పని దొరుకుతుందా అంటే, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుండి కియా కార్లు తయారవుతున్నవి, ఆ చుట్టుపక్కల బోర్డుల మీద తెలుగు పక్కన హంగుల్ కనబడుతుంది. ఢిల్లీ జెఎన్‌యూలో కొరియన్ డిగ్రీ ఉన్నది. టోపిక్ అనే పరీక్షలో 6 స్థాయిలు ఉంటాయి.

నాకు మాత్రం ఇంకొక సంగతి మనసులో తిరుగుతున్నది. ఇండోనేషియాలోని బుటోన్ దీవిలో చియా-చియా అనే చిన్న జాతి భాషకు లిపి లేదు. 2009 నుండి అక్కడ బడిలో హంగుల్‌తో తమ మాట రాయడం నేర్పసాగారు. మా లంబాడీ భాషకూ సొంత లిపి లేదు. ఇక్కడ తెలుగు అక్షరాలతో, మహారాష్ట్రలో నాగరిలో రాస్తారు. కొరియా మాటను తెలుగులో రాయగా లేనిది యాడి మాట ఎందుకు రాయకూడదు?

నా నోట్సులో మూడు గళ్లు గీసుకున్నాను. కొరియా, తెలుగు, తండా. మూడో గడిలో నారుకు, వడ్లకు, బియ్యానికి, అన్నానికి ఏ తండాలో ఏమంటారో రాయాలి. కింద జాగా వదిలాను. మీ ఇంట్లో అనే మాటను పెన్సిలుతో రాయండి, పక్కన తండా పేరు వేయండి.