చదవని సంతకం

నలభై పేజీల కాగితాల కట్ట చదవకుండా సంతకం పెట్టిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి.

మూడేళ్ల క్రితం మా కాలేజీలో హాజరుపట్టీలు కంప్యూటరుకెక్కించాలనుకున్నారు. సాఫ్ట్‌వేరు తయారుచేసే కుర్రవాడు నా పాత శిష్యుడే. ఇంగ్లీషులో వ్రాసిన కట్ట ఒకటి చేతిలో పెట్టాడు.

“ఇదేమిటోయ్?” అన్నాను.

“స్పెసిఫికేషన్, మేష్టారూ. ఏ పరిస్థితిలో సాఫ్ట్‌వేరు ఏం చెయ్యాలో ఇందులో ఉంటుంది. మీరు సరేనంటే పని మొదలెడతాం.”

తిరగేశాను. అన్నీ గళ్లూ, బాణాలూ! అర్థం కాలేదని చెప్పడానికి ఎం.ఏ. చదువు అడ్డొచ్చింది. సంతకం పెట్టేశాను.

పరీక్షలు దగ్గరపడ్డాయి. డెబ్భై అయిదు శాతం హాజరు లేనివారి జాబితాలో, నవంబరులో బదిలీమీద వచ్చి చేరిన అమ్మాయి పేరుంది. చేరాక 99 రోజులు తరగతులు జరిగితే 99 రోజులూ వచ్చిన పిల్ల! కంప్యూటరు మాత్రం ఏడాది మొత్తం పనిదినాలు 180తో భాగించి 55 శాతమంది. ఆ తండ్రి స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుంటూంటే నాకు తల కొట్టేసినట్లయింది.

శిష్యుణ్ణి పిలిపించాను. ఇరవైమూడో పేజీ చూపించాడు. “మొత్తం పనిదినాలు” అనే ఉంది. అతని దృష్టిలో అవి కాలేజీ పనిచేసిన రోజులు. మా దృష్టిలో ఆ పిల్ల చేరాక జరిగిన రోజులు. మాట ఒకటే, అర్థాలు రెండు! ప్రిన్సిపాలుగారు ఆ సాయంత్రమే జాబితా దిద్దించారు గనుక ఆ పిల్ల పరీక్ష వ్రాసింది.

ఎనిమిదివందల పేజీలకు పైగా స్పెసిఫికేషన్ వ్రాసుకున్న అమెరికా ఎఫ్.బి.ఐ. వారు కూడా, 17 కోట్ల డాలర్ల సాఫ్ట్‌వేరు పథకాన్ని 2005లో వదులుకున్నారు. పేజీలు పెరిగినంతమాత్రాన అవగాహన పెరగదన్నమాట.

మరుసటి ఏడు మా శిష్యుడు కట్ట తేలేదు. కథలు తెచ్చాడు. “ఒకమ్మాయి నవంబరులో చేరింది. పదిరోజులు తరగతులు జరిగితే పదీ వచ్చింది. హాజరెంత చూపాలి?” ఉన్న స్థితి, జరిగిన సంగతి, రావలసిన ఫలితం—మూడే ముక్కలు. డాన్ నార్త్ అనే ఆయన 2006లో వ్యాసం వ్రాసి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతట ఇది.

టీ తెచ్చిన అటెండరు వింటూ విని, “ఎన్.సి.సి. క్యాంపుకెళ్లిన పిల్లల మాటేమిటి బాబూ?” అన్నాడు. నలభై పేజీల్లో ఎవరికీ తట్టని సంగతి!

అంచేత, మీచేత ఎవరైనా ఇలాంటి కాగితంమీద సంతకం పెట్టమంటే మొహమాటపడకండి. “ఒక ఉదాహరణ చెప్పు నాయనా” అనండి. ఆ తరువాతే కలం తియ్యండి.